చెల్లుకు చెల్లు అనలేం

సంపాదకులకు,

స్వాతంత్ర్య యుద్ధంలో తనకు సాయపడ్డ ఫ్రాన్సు రుణాన్ని, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు తీరం నార్మండీలో దిగి అమెరికా తీర్చేసుకుందని మీ ఆదివారం వ్యాసంలో రాశారు. వినడానికి బాగానే ఉంది గానీ, పద్దులు తిరగేస్తే లెక్క అంత తేలిగ్గా తెగదు.

1781లో యార్క్‌టౌన్ దగ్గర అమెరికా సేనాని వాషింగ్టన్‌ను గట్టెక్కించింది ప్రధానంగా ఫ్రెంచి నౌకాదళం. దాని అధిపతి ద గ్రాస్ కరీబియన్ నుంచి 28 యుద్ధనౌకలు, మూడు వేలకు పైగా సైనికులతో వచ్చాడు. చేతిలో డబ్బు లేకపోతే హవానాలో 5 లక్షల పెసోలు పోగుచేయించి తెచ్చాడు. సెప్టెంబరు 5న చెసాపీక్ అఖాతం ముందు అతని 24 నౌకలు బ్రిటిష్ వాళ్ళ 19 నౌకలతో తలపడ్డాయి. దెబ్బతిన్న బ్రిటిష్ నౌకలు న్యూయార్క్ వెళ్ళిపోవడంతో యార్క్‌టౌన్‌లో ఉన్న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్‌కు సముద్రం దారి మూసుకుపోయింది. అక్టోబరు 19న లొంగిపోయాడు.

అసలు తిరకాసంతా డబ్బు దగ్గరే. పన్నులు వేసే అధికారమే లేని అమెరికన్ కాంగ్రెస్ 1785లో యుద్ధానికి ఫ్రాన్సు ఇచ్చిన అప్పు మీద వడ్డీ కట్టడం ఆపేసింది. 1795లో గానీ ఆ బాకీని ఎక్కువ వడ్డీ వచ్చే దేశీయ బాండ్లుగా మార్చలేదు. అప్పిచ్చిన రాజు ఈలోగా దివాలా తీసి, తలే పోగొట్టుకున్నాడు. 1798 నాటికి ఈ మిత్రులే ఒకరి ఓడలు ఒకరు పట్టుకుంటున్నారు!

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 జులై 4న, అమెరికా స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెత్ సమాధి దగ్గర అమెరికన్ కల్నల్ స్టాంటన్ ‘లఫాయెత్, మేం వచ్చాం’ అన్నాడు. సైన్యంతో పాటు అమెరికా అప్పూ వచ్చింది. 1926 ఒప్పందం ప్రకారం ఫ్రాన్సు దాన్ని 62 ఏళ్ళ వాయిదాల్లో కట్టాలి. జర్మనీ యుద్ధ పరిహారం ఇస్తేనే కడతామని ఫ్రాన్సు, ఆ రెండిటికీ సంబంధం లేదని అమెరికా. తీరా జర్మనీ చెల్లింపులు ఆగాయి. 1932 డిసెంబరు వాయిదా కడదామన్న ప్రధాని ఎరియోను ఫ్రెంచి సభ దించేసింది.

నార్మండీ త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. అక్కడి కోల్‌విల్‌లో అమెరికన్ సైనికుల సమాధులు తొమ్మిది వేలకు పైనే. ఆ నేలను అద్దె, పన్ను లేకుండా ఫ్రాన్సు శాశ్వతంగా ఇచ్చింది.

మీ వ్యాసంలో రాని సంగతి ఇంకోటుంది. అమెరికా పక్షాన ఫ్రాన్సు దిగబట్టే 1779లో బ్రిటిష్ వాళ్ళు మలబారు తీరంలోని ఫ్రెంచి రేవు మాహే పట్టుకున్నారు. తన యుద్ధసామగ్రి దిగే రేవు పోవడంతో మండిపడ్డ మైసూరు పాలకుడు హైదర్ అలీ మరుసటి ఏడు బ్రిటిష్ వాళ్ళ మిత్రుడైన కర్ణాటక (ఆర్కాటు) నవాబు రాజ్యం మీద పడ్డాడు. అతనితో పోరుకు మద్రాసు వెళ్ళే ఓడ ఎక్కమన్నప్పుడే విశాఖలో బ్రిటిష్ కంపెనీ సిపాయిలు 1780 అక్టోబరు 3న తిరగబడ్డారు. అంటే 1857కు 77 ఏళ్ళ ముందు. వచ్చే అక్టోబరు 3న దీన్ని మీ జిల్లా పేజీలో వేయగలరు.

— చరిత్ర అధ్యాపకుడు, మహారాణిపేట, విశాఖపట్నం