మూడున్నర రూపాయల వడ్డీ

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి చిన్నమ్మడిని అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. మీ నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది, సైకిలు మళ్ళీ బయటికి తీశారు.

నువ్వు అడిగినదానికి ఫోన్లో జవాబు చెప్పలేక రాస్తున్నాను. ఫోనైతే మధ్యలో పాప లాక్కుంటుంది. లేదంటే నీ గొంతు మారుతుంది, దాంతో నా గొంతూ మారుతుంది, ఇంక లెక్క లెక్కలా చెప్పడం కుదరదు. కాగితమైతే నువ్వూ అల్లుడుగారూ కలిసి కూర్చుని చదువుకోవచ్చు.

భోగాపురం వైపు ఉన్న మామిడితోట అమ్మితే ఫ్లాటుకి ముందు కట్టాల్సిన డబ్బు సర్దుబాటు అవుతుందన్నావు. విమానాశ్రయం పేరు చెప్పి అక్కడ ధరలు పెరిగిన మాట నిజమే. గోగు, నువ్వులు వేసే చేలల్లో ఇప్పుడు హద్దురాళ్ళు పాతి, రంగురంగుల జెండాలు కట్టి, బస్సు దిగినవాళ్ళందరి చేతుల్లో కరపత్రాలు పెడుతున్నారు. తోట ఎప్పటికైనా నీదే. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నాకు నిద్ర పట్టకుండా చేసింది తోట కాదు, ఫోను పెట్టేసే ముందు నువ్వన్న మాట. "జీతం పడిన రోజు కూడా సంతోషంగా ఉండట్లేదమ్మా" అన్నావు. ఇద్దరూ సంపాదిస్తున్న ఇంట్లో, ముప్పై ఏళ్ళ పిల్ల అనాల్సిన మాట కాదు అది.

అందుకే క్రెడిట్ కార్డు బిల్లు ఫోటో పంపమన్నాను. రెండుసార్లు చదివాను. లక్ష రూపాయల బాకీ, కనీసం కట్టాల్సింది 5,000 అని పెద్దక్షరాల్లో ఉంది. నెలకు 3.5 శాతం వడ్డీ అన్నది వెనకపేజీలో సన్నక్షరాల్లో ఉంది. లక్షకి నెల వడ్డీ 3,500. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 630. రెండూ కలిపి 4,130. నువ్వు 5,000 కట్టి ఈ నెలకి గండం గడిచిందనుకుంటున్నావు, అసలులో తగ్గింది 870 రూపాయలు. ఈలోగా ఆ కార్డు మీద ఇంకేమైనా కొంటే ఆ తగ్గుదల కూడా ఉండదు.

నీకు శాతాల్లో అర్థం కాకపోతే మన ఊరి లెక్కలో చెప్తాను. మన దగ్గర ఎవరైనా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారంటే, పాపం ఏదో గట్టి అవసరమే పడుంటుంది అనుకుంటాం. మూడు రూపాయలకి తెచ్చారంటే ఆ ఇంటి గురించి గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. నీది మూడున్నర రూపాయల వడ్డీ తల్లీ. పైన పన్ను. షావుకారి గుమ్మం తొక్కడానికి మన ఇంట్లో ఎవరం ఒప్పుకోలేదు, మీ తాతయ్యతో సహా. నువ్వు ఏ గుమ్మమూ తొక్కలేదు, ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు. అందుకే అది అప్పులా కనబడలేదు నీకు.

టీవీ, ఫ్రిజ్జు వడ్డీ లేని వాయిదాల మీద తీసుకున్నాం, వాటి బాధ లేదు అన్నావు. సున్నా శాతం వడ్డీ అనేది అసలు ఉండదని రిజర్వు బ్యాంకే 2013లో బ్యాంకులకి రాసింది. రొక్కం పెట్టి కొంటే దొరికే తగ్గింపు మనకివ్వకుండా అందులోంచే వడ్డీ తీసుకుంటారు. కార్డు మీద అయితే ఆ వడ్డీకి మళ్ళీ జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు. పోనీ, అది చిన్న సంగతి.

పెద్ద సంగతి ఇంకొకటుంది. ఇన్నేళ్ళు పొదుపు సంఘం పుస్తకాలు రాశాను కాబట్టి చెప్తున్నాను. ఈ సంఘాలు ఊరికే పుట్టలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, ఆ కదలికలోంచే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. మా సంఘంలో అప్పు కావాలంటే అందరి మధ్యన కూర్చుని అడగాలి. అడగ్గానే ఎవరో ఒకరు "దేనికమ్మా?" అంటారు. ఆ తర్వాత "ఏ నెల నుంచి కడతావు? నువ్వులు అమ్మేది ఎప్పుడు?" అంటారు. కుట్టు మిషనుకంటే తల ఊపేవారు. గేదెకంటే దాణా ఖర్చు కూడా లెక్క వేయించేవారు. పెళ్ళికి పట్టుచీర కోసమని ఎవరైనా అడిగితే, పెద్దావిడ ఒకామె ఉండేది, "నా చీర కట్టుకెళ్ళు, తెచ్చి ఇచ్చేద్దువుగాని" అనేది. ఆ మాటకి కోపం తెచ్చుకుని లేచి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. కానీ వాళ్ళు ఆ అప్పులో పడలేదు. తీర్మానాల పుస్తకంలో నేను రాసినవాటికంటే, రాయకుండా ఆగిపోయిన అప్పులే మా సంఘం చేసిన మంచి పని అని నా నమ్మకం.

నీ ఫోను "దేనికి?" అని అడగదు. నీకు ఇంత వరకు మంజూరైంది అని చెబుతుంది, అది కూడా నువ్వు అడక్కుండానే, రాత్రి పదకొండింటికి, పాపని పడుకోబెట్టి నువ్వు అలసిపోయి పక్క మీద వాలినప్పుడు.

ఇది నేను ఒకసారి చూసేశాను. నీకు గుర్తుండాలి, అప్పటికి హైస్కూల్లో ఉన్నావు. చిన్న అప్పులిచ్చే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళోకొచ్చి, ఆడవాళ్ళని గుంపులు చేసి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అప్పులిచ్చాయి. వారం వారం వాయిదా. ఒక కంపెనీకి కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవడం, దానికి కట్టడానికి మూడోది. కట్టలేనివాళ్ళ గుమ్మంలో వచ్చి కూర్చునేవారు, గుంపులో మిగతా ఆడవాళ్ళ చేతే తిట్టించేవారు. రాష్ట్రంలో ఆత్మహత్యలు కూడా జరిగాయి. అప్పుడు 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు జిల్లాల్లో రిజిస్టరు చేయించుకోవాలి, వారం వాయిదాలు పోయి నెల వాయిదాలే ఉండాలి, వసూలు ఇంటి గుమ్మంలో కాక పంచాయతీ ఆఫీసు దగ్గర జరగాలి, వడ్డీ అసలుని దాటకూడదు అని. ఆ రోజుల్లో అందరూ, చదువు లేని ఆడవాళ్ళు తెలీక ఇరుక్కున్నారు అనేవారు. నాకు అప్పుడే ఆ మాట నచ్చలేదు. వాళ్ళకి వడ్డీ లెక్కలు బాగానే తెలుసు, వాళ్ళ వేళ్ళ మీద ఉండేవి. ఇప్పుడు చూడు, ఎకనామిక్స్ డిగ్రీ ఉన్న నువ్వూ ఇంజినీరైన అల్లుడుగారూ రెండో కార్డుతో మొదటి కార్డు కడుతున్నారు. చదువులో లోటుందా? లేదు కదా. అడక్కుండా ఇచ్చేవాడు ఎదురుగా ఉంటే, నెలాఖరు కరువు పక్కన ఉంటే, ఎవరైనా తీసుకుంటారు.

కాబట్టి నిన్ను దుబారా మనిషివని నేను అనను. అక్కడి అద్దెలు చూస్తున్నాను, నర్సరీ పిల్లకి మీరు కట్టిన ఫీజు చూసి మీ నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఇది మీ ఒక్క ఇంటి సంగతీ కాదు. 2022-23లో మన దేశంలో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు, అంటే అప్పులు పోను మిగిలేది, జీడీపీలో 5 శాతం దగ్గరికి పడిపోయిందని, కొన్ని దశాబ్దాల్లో ఇంత తక్కువ ఎప్పుడూ లేదని పేపర్లో చదివాను. ఆ తర్వాత 2023 నవంబరులో, కార్డు బాకీలకీ తాకట్టు లేని అప్పులకీ బ్యాంకులు మూలధనం ఎక్కువగా పక్కన పెట్టుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. బ్యాంకుల గురించి అంత జాగ్రత్త పడ్డారు. నీ గురించి నువ్వే పడాలి.

నువ్వు డిగ్రీలో ఉన్నప్పుడు వంటింటి గట్టు మీద కూర్చుని పాఠం అప్పజెప్పేదానివి. అందులో ఒకటి నాకు ఇంకా గుర్తుంది. ఈస్టర్లిన్ అనే ఆర్థికవేత్త 1974లో అమెరికా లెక్కలు తీసి చూశాడన్నావు. ఏ ఒక్క సంవత్సరం చూసినా డబ్బున్నవాళ్ళు లేనివాళ్ళకంటే సంతోషంగా ఉన్నామనే చెప్పారు. కానీ 1946 నుంచి 1970 దాకా దేశం ఆదాయం పెరిగినంతగా జనం సంతోషం పెరగలేదు. ఎందుకే అని అడిగాను. "పక్కవాళ్ళకీ పెరిగింది కదమ్మా, పోల్చుకుంటారు" అన్నావు. పరీక్షలో అది రాసి మంచి మార్కులు తెచ్చుకున్నావు. ఇప్పుడు అదే నీ ఇంట్లో జరుగుతోంది. ఆఫీసులో నీ పక్క సీటు అమ్మాయి గృహప్రవేశం చేసిందని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో! ఆ అమ్మాయికి ఎంత బాకీ ఉందో నీకు తెలుసా? ఇంటి ఫోటోలు పెట్టినవాళ్ళు బ్యాంకు కాగితాలు పెట్టరు.

ఇక్కడ మేమేదో గొప్పగా బతుకుతున్నాం అనుకోకు. ఇక్కడా అదే జబ్బు. మొన్న మన వీధిలో ఆడపిల్లకి సారె పంపారు. లడ్లూ చేగోడీలూ అరిసెలూ చాలవని ఫ్రిజ్జూ వాషింగ్ మిషనూ వ్యానుకెక్కించి, ముందర బాజాలు పెట్టి ఊరంతా తిప్పారు. ఆ తండ్రి కూలికెళ్ళే మనిషి. ఇంకో ఇంట్లో పిల్ల పెద్దమనిషైన ఫంక్షనుకి డ్రోను కెమేరా, వీధి మలుపు నుంచి ఫ్లెక్సీలు. చదివింపుల పుస్తకం చూసి, మనకి వాళ్ళు ఎంత రాశారు, మనం ఎంత రాయాలి అని ఇంటింటా తగువులే. వేడుక చేసుకోవద్దని కాదు. సారెలో లడ్డూ పదిళ్ళకి పంచడంలో ఉన్న సంతోషం నాకు తెలుసు, నీ సారె నేనే చేశాను. కానీ ఆ తండ్రి వ్యాను వెనకాల నడుస్తుంటే మొహంలో సంతోషం ఎక్కడా కనబడలేదు నాకు. ఇంటికొచ్చి మీ నాన్నతో అదే అన్నాను.

మీ అత్త ఎదురైతే చాలు, "ఏటమ్మా, మీ గుంట హైదరాబాదులో ఫ్లాటు కొన్నాదా?" అంటుంది. ఇంకా లేదంటాను. అడిగినవాళ్ళకి అదే చెప్తాను, నాకేం తక్కువతనం లేదు. నువ్వు నా కోసం, మా పరువు కోసం ఫ్లాటు కొనాలనుకుంటే మాత్రం ఇవాళే ఆ ఆలోచన మానుకో.

"ఈ ఉద్యోగం నచ్చట్లేదు, కానీ ఈఎంఐలున్నాయి, మానలేను" అన్నావు కదా. నీ బాధకి మూలం నాకు అక్కడ కనబడుతోంది. మీ నాన్న పనిచేసిన జూట్ మిల్లుకి తాళం పడ్డప్పుడు నువ్వు చిన్నదానివి. ఇంట్లో బియ్యం చూసుకుని వండుకున్న రోజులవి. కానీ మనకి ఎవరి బాకీ లేదు. అందుకని ఆయన తొందరపడి దొరికిన మొదటి పనిలో చేరకుండా, నెలలు ఆగి, నచ్చిన పని వెతుక్కున్నారు. నీ జీతం ఆయన జీతానికి ఎన్నో రెట్లు. కానీ రాబోయే నెలల జీతాలన్నీ నువ్వు ముందే ఖర్చు పెట్టేశావు. చేతికొచ్చిన జీతంలో నీది అంటూ ఏమీ లేనప్పుడు ఆ రోజు సంతోషం ఎలా వస్తుంది?

ఇప్పుడు ఫ్లాటు లెక్క చూడు. బ్యాంకు 75 లక్షలు ఇస్తుందన్నావు. 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు అనుకుంటే నెలకి 65 వేలు. మొదటి నెల కట్టే ఆ 65 వేలలో 53 వేలు వడ్డీకే పోతాయి. ఇరవై ఏళ్ళలో మొత్తం కట్టేది సుమారు కోటీ 56 లక్షలు. ఇల్లు కొనుక్కోవద్దని నేను చెప్పను, సొంత గోడలు ఎవరికైనా కావాలి. కానీ కార్డు బాకీలతో, నచ్చని ఉద్యోగంతో అందులో దిగితే పాపకి పాతికేళ్ళు దగ్గరపడే దాకా నువ్వు తలెత్తలేవు. పాప కోసమే కొంటున్నాం అన్నావు. పాపకి ఇప్పుడు కావాల్సింది సాయంత్రం చిరాకు పడకుండా కూర్చునే అమ్మ.

నా మాట ఇది. ముందు మూడున్నర రూపాయల బాకీ వదిలించుకోవాలి. నా హారమూ గాజులూ బ్యాంకులో పెడతాను. బంగారం మీద ఏడాదికి 9, 10 శాతం, అంటే నెలకి రూపాయి లోపు వడ్డీ. ఆ డబ్బు నీ ఖాతాలో వేస్తాను, కార్డులు ఒకేసారి తీర్చెయ్యి. ఇప్పుడు కార్డుకి కట్టే 5,000 నెల నెలా నాకు పంపితే లక్ష రూపాయల బాకీ రెండేళ్ళ లోపు పూర్తిగా తీరిపోతుంది. నగల గురించి మొహమాటపడకు, అవి ఇలాంటి రోజు కోసమే చేయించుకున్నాను. తీరాక కార్డు ముక్కలు చేసి ఊరుకోవడం కాదు, మూసెయ్యమని బ్యాంకుకి రాయాలి. బాకీ ఏమీ లేకపోతే అడిగిన ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకి 500 చొప్పున వాళ్ళే నీకు కట్టాలి. అది రిజర్వు బ్యాంకు నియమం.

అల్లుడుగారు ఫోన్లో ఏదో యాప్ అప్పు తీసుకున్నారని నువ్వు నసిగావు. దానికి ఆయన సిగ్గుపడక్కర్లేదు, దాచక్కర్లేదు. 2022 నుంచి నియమాలున్నాయి. అప్పు యాప్‌లు ఫోన్లోని పేర్లూ ఫోటోలూ తీసుకోకూడదు, వసూలు చేసేవాళ్ళు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చెయ్యకూడదు. బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు చెయ్యమను. పరువు పోతుందని భయపడి ఎవరికీ చెప్పకుండా ఉండటం ఒక్కటే చెయ్యకండి. మాకు చెప్పండి. ఎంతైనా సరే, మాకు చెప్పండి.

దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండగ. తోలేళ్ళు ముందురోజే కాబట్టి ఆదివారానికే వచ్చెయ్యండి. రైల్లో రండి, కారు వద్దు. ఎవరికీ బట్టలు కొనకండి, పాపకి నేను గౌను కుట్టి ఉంచాను. మీ ఇద్దరి జీతం కాగితాలు, బాకీల కాగితాలు అన్నీ తెచ్చుకోండి. నలుగురం చాప మీద కూర్చుని ఒక్కొక్కటీ రాద్దాం. నా సంఘం పుస్తకాల్లో ఖాళీది ఒకటి మిగిలింది.

అల్లుడుగారికి మా దీవెనలు, పాపకి ముద్దులు. నువ్వు మొదటి కార్డు బిల్లు ఒక్కటే పంపావు. రెండోది కూడా ఫోటో తీసి పంపు.

ఇట్లు,
మీ అమ్మ