సైకిల్‌కు లారీ పానా పనికిరాదు

సంపాదక మహాశయా,

ఆన్‌లైన్‌లో కొన్న సైకిల్ ఇప్పుడు చాలావరకు అట్టపెట్టెలో, సగం విడి భాగాలుగా ఇంటికి వస్తోంది. హ్యాండిల్, సీటు, ముందు చక్రం, పెడళ్లు బిగించుకునే పని కొన్నవారి నెత్తినే పడుతోంది. పెట్టె అడుగున ఒక అలెన్ కీ (బోల్టు తలలోని ఆరు మూలల గుంటలో పెట్టి తిప్పే వంకర కడ్డీ), ఒక పలుచని పానా ఉంటాయి తప్ప, ఏ బోల్టును ఎంత గట్టిగా బిగించాలో తెలుగులో చెప్పే కాగితం నాకింతవరకు కనబడలేదు. అందుకే నాలాంటివారు బోల్టును ఎంత బలంతో తిప్పుతున్నామో కొలిచే టార్క్ రెంచ్ కోసం వెతుకుతారు. వెతికినవారు చేసే మొదటి పొరపాటును నేనూ చేశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను మొదట కొన్నది బండ్ల షెడ్డులో వాడే అర అంగుళం రెంచ్, అంటే సాకెట్ తగిలించే చదరపు కొన అర అంగుళం ఉన్నది. దాని కొలత 28 న్యూటన్ మీటర్లతో (తిప్పే బలానికి కొలమానం ఇది) మొదలై 210 దాకా పోతుంది. పెద్దది కొంటే చిన్న పనులకూ అదే సరిపోతుందనుకున్నాను. హ్యాండిల్‌ను పట్టి ఉంచే నాలుగు చిన్న బోల్టులకు కావలసింది మాత్రం సుమారు 5 న్యూటన్ మీటర్లు. పెట్టిన కొలత చేరగానే టక్కుమనే రకం అది; పిడిని గీతల కన్నా కిందికి తిప్పి, టక్కుమనే దాకా చూద్దామని లాగాను. టక్కుమంది. చూస్తే బోల్టు తల తెగి చేతిలోకి వచ్చింది, మొండెం స్టెమ్‌లో, అంటే హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్కలో, ఉండిపోయింది. దానిని బయటికి తీయించడానికి పెట్టిన ఖర్చుకు మరో వంద వేస్తే సరైన రెంచే వచ్చి ఉండేది.

5 న్యూటన్ మీటర్లంటే పది సెంటీమీటర్ల అలెన్ కీ చివర ఐదు కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత బలం. మామూలు మనిషి మణికట్టు తెలియకుండానే అంతకు రెట్టింపు పెడుతుంది. సీటు గొట్టం బిగింపు 5 నుంచి 7, ఆరు స్క్రూల డిస్క్ బ్రేకు పళ్లెం కంపెనీని బట్టి 2 నుంచి 6, ఈ కాలపు క్రాంకులకు (పెడళ్లను మోసే కాడలకు) చాలావాటికి పక్కన ఉండే రెండు బోల్టులు 12 నుంచి 14 న్యూటన్ మీటర్లు అడుగుతాయి. పెడళ్లు, వెనక గేర్లను పట్టి ఉంచే లాక్ రింగ్ వంటివే 35 దాటుతాయి. వాటిని ఏడాదికి ఒకటి రెండు సార్లు షాపులో బిగించుకుంటే సరి, కొద్దిగా అటూ ఇటూ అయినా అవి అంత సులభంగా తెగవు.

కాబట్టి ఇంటికి మొదట కావలసింది పావు అంగుళం కొనతో 2 నుంచి 15 లేదా 20 దాకా కొలిచే చిన్న రెంచ్. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్ప్రింగుతో టక్కుమనే రకాన్ని సాధారణంగా దాని గరిష్ఠ కొలతలో ఐదో వంతు నుంచే నమ్మాలి. 5 నుంచి 60 అని పెట్టె మీద అచ్చు వేసినా, 12కు దిగువన దాని మాట పట్టించుకోకూడదు. పైగా అంత తక్కువలో శబ్దం చాలా సన్నగా వస్తుంది, పక్క గదిలో టీవీ ఉంటే అసలు వినబడదు.

ముల్లు కదిలే పాత రకం రెంచ్ చూడటానికి మొరటుగా ఉంటుంది కానీ నా ఓటు దానికే. అందులో అలసిపోయే స్ప్రింగు లేదు. ముల్లు సున్నా దగ్గర లేకపోతే చేత్తో వంచి సరిచేయవచ్చు. అది రెండు వైపులా తిప్పినా కొలుస్తుంది, టక్కు రకాల్లో చాలావాటికి ఆ వీలు లేదు. టక్కు రకమే కొన్నవారు పని కాగానే దానిని కనిష్ఠ గీత దాకా వదులు చేసి దాచాలి, దానితో బోల్టులు విప్పకూడదు. డిజిటల్ రకం ఇంటి వాడకానికి దండగ.

మరలకు గ్రీజు రాస్తే అదే అంకెకు బోల్టు ఇంకా గట్టిగా బిగుసుకుంటుందన్న సంగతీ, స్టెమ్ మీద చెక్కిన అంకె చాలాసార్లు దాటకూడని గరిష్ఠ హద్దన్న సంగతీ కొత్తవారికి ఎవరూ చెప్పరు. సైకిల్ కంపెనీలు ఆ అలెన్ కీ పక్కనే 5 న్యూటన్ మీటర్లకు స్థిరంగా అమర్చిన చిన్న రెంచ్ ఒకటి, తెలుగులో అరపేజీ పట్టిక ఒకటి పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్