వేపపుల్లల అవ్వను సాగనంపడానికి తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో తెల్లవారుజామున బస్సెక్కే అలవాటున్న వారికి వేపపుల్లలు అమ్మే అవ్వ తెలిసే ఉంటుంది. గత వారం ఆమె కన్నుమూసింది. బస్టాండు దగ్గర టిఫిన్ దుకాణం నడుపుతున్న నేను, ఇక్కడి దుకాణాలవారందరి తరఫున ఇది రాస్తున్నాను. ఆమెను సాగనంపడానికి సాయపడిన వారిలో చాలామందిని ఆ హడావిడిలో పలకరించనైనా లేకపోయాం.

అవ్వకు ఇల్లు లేదు. రాత్రి మూసిన దుకాణాల అరుగులే ఆమెకు పడక. అయినా ఎవరినీ చేయి చాచి అడిగిన మనిషి కాదు. కొమ్మలు తెచ్చుకుని, ఆకు దూసి, జానెడు పొడవున కోసి, కణుపులు నున్నగా చెక్కి, అరటినారతో కట్టలు కట్టేది. చిగుళ్లు వాచినవారు వస్తారని లేత పుల్లలు కొన్ని వేరే మూటలో దాచి ఉంచేది. మా దుకాణంలో తిన్న ఇడ్లీకి రొంటిన దోపుకున్న చిల్లర తీసి లెక్కగా ఇచ్చేది. వద్దంటే మరుసటి రోజు వచ్చేది కాదు.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు ఆమె చేసిన మేలు మా వీధి మరచిపోదు. లోతట్టు కాలనీల నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలను దగ్గరలోని బడిలో ఉంచాం. బియ్యం, పాలు అందించగలిగాం గానీ తడినేల మీద పసిపిల్లలను ఎలా పడుకోబెట్టాలో మాలో ఒక్కరికీ తోచలేదు. అవ్వ దుకాణాల వెంట తిరిగి అట్టపెట్టెలు ఏరుకొచ్చింది. ముందు అట్టలు, వాటి మీద ప్లాస్టిక్ పట్టా, ఆపైన గోనెలు, అన్నిటి పైన దుప్పటి. గోడకు ఆనించి పరవవద్దని, గోడ చెమ్మ ఒంటికి ఎక్కుతుందని ఒక్కొక్క తల్లి దగ్గరా కూర్చుని చెప్పింది. ఆ రాత్రి ఆ బడిలో అందరికంటే అక్కరకు వచ్చిన మనిషి ఆమే. ఆ తల్లులలో కొందరు మొన్న అంత్యక్రియలకు వచ్చారు.

ఏటా రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరికి వెళ్లేది. అక్కడ కోరిక పేరున రొట్టె పట్టుకుంటారు, అది తీరాక మరుసటి ఏడాది రొట్టెలు తెచ్చి పంచుతారు. ఇంటి రొట్టె పట్టుకోమని మేమంతా పోరేవాళ్లం. అవ్వ మాత్రం మా అమ్మాయి కోసం చదువు రొట్టె పట్టుకుంది. అమ్మాయికి సీటు వచ్చాక, మరుసటి ఏడాది మా ఇంట్లో దగ్గరుండి రొట్టెలు చేయించి, మొక్కు తీర్చడానికి తానే తీసుకువెళ్లింది.

ఇక కృతజ్ఞతలు. అర్ధరాత్రి పూట ఆయాసంతో ఉన్న ఆమెను ఆసుపత్రికి చేర్చి, తెల్లవార్లూ అక్కడే కూర్చున్న ఆటో సోదరులకు ముందుగా నమస్కారం. నా అనేవారు లేరని ఆమెను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలలేదు మీరు. పంచనామా, పోస్టుమార్టం, కాగితాల పని అంతా మాకు విడమరచి చెప్పిన కానిస్టేబుల్ గారికి కృతజ్ఞతలు. మా దుకాణానికి వచ్చే వకీలు గారు ఆ రోజు మాకు గొప్ప ధైర్యమిచ్చారు. నిలువనీడ లేక చనిపోయినవారికి కూడా వారి మతాచారం ప్రకారం గౌరవంగా అంత్యక్రియలు జరగడం హక్కేనని 2002లో సుప్రీంకోర్టు ఆశ్రయ్ అధికార్ అభియాన్ కేసులో చెప్పిందట. ఆ మాట వినేదాకా మేము దయ చూపమని వేడుకునే ధోరణిలోనే ఉన్నాం.

ఉదయగిరి బస్సుల డ్రైవర్లకు, కండక్టర్లకు ఎన్నిసార్లు దండం పెట్టినా చాలదు. తనది ఉదయగిరి మెట్ట అని మాత్రమే అవ్వ చెప్పేది, ఊరి పేరు అడిగితే మాట మార్చేది. ఆమె పోలికలు చెప్పుకుంటూ బస్సు ఆగిన ప్రతిచోటా విచారించి, మీరే ఆమె తమ్ముడి కొడుకును వెతికి తెచ్చారు. ఆ అబ్బాయి చేతనే బోడిగాడితోట శ్మశానంలో కర్మ జరిగింది. పాడె మోయడానికి మా వెనుక వీధి ముస్లిం యువకులు భుజం కలిపారు. పూలమ్మే అక్కచెల్లెళ్లు ఆ రోజు బేరం మానుకుని బుట్టలకు బుట్టలు పూలు తెచ్చారు. నగరపాలక సంస్థ పారిశుద్ధ్య సిబ్బంది పని ముగిసిన తరువాత కూడా ఇంటికి వెళ్లకుండా మాతో ఉన్నారు.

మనసులో ఉన్న ఒక మాట కూడా చెబుతాను. అవ్వను ఒకసారి ఇల్లు లేనివారి వసతి గృహంలో చేర్చాం. కొమ్మల మూట లోపలికి వద్దన్నారు, చీకటి ఉండగా గేటు తెరవబోమన్నారు. బేరమంతా ఆ వేళలోనే కాబట్టి ఆమె తిరిగి అరుగు మీదికే వచ్చింది. కేంద్ర ప్రభుత్వం నడిపిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు లక్ష జనాభాకు ఒకటి చొప్పున, పగలూ రాత్రీ తెరిచి ఉండే వసతి గృహాలు ఉండాలని చెప్పాయి. మూట పెట్టుకోవడానికి ఒక మూల, వేకువనే తెరుచుకునే తలుపు ఉంటే అవ్వ అక్కడే ఉండేది. ఈ విషయమై మేమంతా సంతకాలు చేసి నగరపాలక సంస్థకు అర్జీ ఇస్తున్నాం.

మీరిచ్చిన డబ్బు జమాఖర్చులు మా దుకాణం గోడకు అంటించాను, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. మిగిలిన డబ్బుతో వానాకాలం ముదిరేలోగా బస్టాండు చుట్టుపక్కల ఆరుబయట పడుకునేవారికి ప్లాస్టిక్ పట్టాలు, దుప్పట్లు కొంటాం. మన నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచే కదా, అప్పటికి అందరికీ అందాలి. పెద్దకర్మ భోజనాలు మా దుకాణంలోనే పెడుతున్నాం, అందరూ రండి. అవ్వ ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి. ఇంట్లో పెట్టుకోవడానికి ఒక్కటి కావాలని ఆమె తమ్ముడి కొడుకు అడుగుతున్నాడు.