దోక్కుపోయిన మోకాలి గురించి

చిత్తూరు,
ఆదివారం

చిన్నీ,

రాత్రి ఫోన్లో స్కూటీ జారి పడ్డానని చెప్పి, "ఏం కాలేదమ్మా, కొంచెం దోక్కుపోయింది, అంతే" అన్నావు. వీడియో కాల్‌లో మోచెయ్యి చూపించావు గానీ మోకాలు చూపించలేదు. ఎముకలు విరగలేదు, తలకు హెల్మెట్ ఉంది, ఆ వెంకన్న దయ. అయినా నువ్వు "అంతే" అని తేల్చేస్తే నా మనసు ఊరుకోవడం లేదు. ఇన్నేళ్లు ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే డ్రెస్సింగ్ గదిలో పనిచేసినదాన్ని. "చిన్న గీతలే సిస్టర్" అంటూ రెండు మూడు రోజులు ఆగి వచ్చిన పిల్లలు పడిన అవస్థ నా కళ్లతో చూశాను.

తారు రోడ్డు మీద ఒళ్లు ఈడ్చుకుపోతే పైతోలు లేచిపోవడంతో అయిపోదు. ఇసుక, కంకర నలుసులు, బట్టల పోగులు లోపలికి దిగబడతాయి. ఒక అబ్బాయి అరచెయ్యి నాకింకా గుర్తు. పాకాల దగ్గర బైకు జారి పడ్డాడు. గాయానికి కాఫీ పొడి అద్ది, గుడ్డ చుట్టుకొని మూడో రోజు వచ్చాడు. గుడ్డ పుండుకు అతుక్కుపోయి ఉంది. లాగితే కొత్త చర్మం కూడా ఊడి వస్తుందని, సెలైన్ పోసి నానబెట్టి, అది దానంతటది వదిలేదాకా ఆగాను. కింద కాఫీ పొడి ఏదో, రోడ్డు మట్టి ఏదో తెలియడం లేదు. తడి గాజుగుడ్డతో ఒక్కో నలుసూ తీస్తుంటే, మీసాలొచ్చిన పిల్లాడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకొని ఏడ్చాడు. కొన్ని నలుసులు ఇక రాలేదు. అలా ఉండిపోయినవి చర్మం కింద పచ్చబొట్టు చుక్కల్లా నల్లగా, నీలంగా మిగిలిపోతాయి.

నువ్వు పడగానే ఆ ఆటో అన్న బాటిల్ నీళ్లు ధారగా పోశాడన్నావు చూడు, నీకు అందిన మొదటి వైద్యం అదే. మళ్లీ కనిపిస్తే నా మాటగా ఆయనకు థాంక్స్ చెప్పు.

ఇప్పుడు మంచి వెలుతురులో కూర్చొని మోకాలు సరిగ్గా చూసుకో. నల్ల నలుసులు కనిపిస్తే పిన్నీసుతో గెలకొద్దు. రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో వెళ్లు. మంట ఎక్కువగా ఉందని భయపడకు. పైపొర లేచిన గాయమే బాగా మండుతుంది, నరాల కొసలు బయటపడతాయి కాబట్టి. ఎక్కడైనా తెల్లగా ఉండి, ముట్టుకున్నా తెలియకపోతే మాత్రం గాయం లోతుగా దిగిందని అర్థం. అప్పుడు నాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు, ముందు ఆసుపత్రికి పో.

ధనుర్వాతం ఇంజెక్షన్ (టీటీ) సంగతి అడిగితే మాట మార్చావు. నీకు ఆఖరిసారి వేయించింది 16 ఏళ్లప్పుడు. మట్టి పడిన గాయమైతే, ముందు వేయించుకొని 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. నీకిప్పుడు 23. ఈ రోజే వెళ్లు, రేపటికి పెట్టొద్దు.

అవ్వ పసుపు పెట్టుకోమని చెప్పే ఉంటుంది. ఆమె దగ్గర సరేనను, గాయానికి మాత్రం పెట్టకు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు, అవి కొత్తగా పుట్టే కణాలను సైతం దెబ్బతీస్తాయి. రోజూ సబ్బుతో చేతులు కడుక్కొని, గాయాన్ని శుభ్రమైన నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, పలుచగా వాజలీన్ రాయి. దాని మీద పుండుకు అంటుకోని పారఫిన్ గాజుగుడ్డ వెయ్యి. మెడికల్ షాపులో ఆ పేరు చెబితే ఇస్తారు. ఒట్టి దూది పెట్టావంటే పోగులు అతుక్కుంటాయి. గాలికి ఆరనివ్వాలని హాస్టల్లో అందరూ అంటారు, వినకు. ఎండి పక్కు కట్టిన మోకాలు మెట్టెక్కిన ప్రతిసారీ పగులుతుంది. తేమగా ఉంటేనే తొందరగా మానుతుంది, మచ్చా తక్కువ పడుతుంది. మొదటి రెండు మూడు రోజులు పలుచటి నీరు కారితే టెన్షన్ పడకు. చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మానాక కూడా కొన్ని నెలలు ఆ చోట ఎండ తగలనివ్వకు. తిరుపతి ఎండకు లేత చర్మం నల్లబడిపోతుంది.

తొండవాడ దగ్గర ఇసుక చూసి ముందు బ్రేకు గట్టిగా పట్టానన్నావు. ఇసుక మీద బ్రేకు అలా నొక్కితే ముందు చక్రం ఆగి, జారిపోతుంది. దూరం నుంచే స్పీడు తగ్గించుకొని, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటాలి. ఇక్కడ తోతాపురి మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరితే, నలిగిన కాయల మీద కూడా ఇదే గతి. ఇంకో మాట, బండి మీద ఆ పలుచటి లెగ్గింగులు వద్దమ్మా. రాపిడి వేడికి సింథటిక్ బట్ట కరిగి గాయానికి అంటుకుంటుంది. మందం జీన్స్, బూట్లు, ఫుల్ జాకెట్ వేసుకో. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే చాస్తారు కాబట్టి గ్లౌజులు కూడా కొనుక్కో. నీ వెనక కూర్చున్న అమ్మాయికి హెల్మెట్ లేదట. ఆ పిల్లకూ ఒక అమ్మ ఉంటుంది కదా. ఐఎస్ఐ గుర్తున్నది ఇంకొకటి కొను, డబ్బులు నేనిస్తాను.

నాన్న రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తున్నారు. గాజుగుడ్డ, ప్లాస్టర్ ఆయనతో పంపుతున్నాను. స్కూటీ ముందు ఫోర్కు వంగిందేమో ఆయన షెడ్డులో చూపించేదాకా బండి తీయొద్దు. ఆఫీసుకు బస్సులో వెళ్లు.

అమ్మ