పసుపు గిటారు గురించి, అడ్వాన్సు ఇచ్చినవాళ్లకీ ఇవ్వాలనుకుంటున్నవాళ్లకీ

షాపు అద్దాల వెనక వేలాడుతున్న పసుపు గిటారు ఎప్పుడిస్తారని దసరా నుంచి చాలామంది అడుగుతున్నారు. కొందరు అడ్వాన్సు కూడా కట్టారు. డెలివరీ ఆపింది నేనే. నలభై వేలు దాటిన వస్తువును విప్పి చూడకుండా, తనివితీరా వాయించకుండా ఎవరి చేతిలోనూ పెట్టలేను. ఇప్పుడు చూశాను. మంచి గిటారే, కానీ అందరికీ నప్పేది కాదు.

ఇది 1950ల నాటి టెలీకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారు రూపంలో చేసినది. లియో ఫెండర్ కాలిఫోర్నియాలో 1950లో ఈ నమూనాను వేరే పేర్లతో బయటికి తెచ్చాడు, టెలీకాస్టర్ అన్న పేరు 1951లో వచ్చింది. చెక్క బాడీ, నాలుగు స్క్రూలతో బిగించిన మేపుల్ చెక్క నెక్ (వేళ్లు ఆడే పొడుగు కాడ), తీగ కదలికని కరెంటు సిగ్నలుగా మార్చే రెండు పికప్‌లు. అంతకు మించి ఏమీ ఉండదు, అదే దాని అందం.

నెక్ నాకు బాగా నచ్చింది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మన విజయనగరం. ఇక్కడ గిటారు పట్టుకున్నవాళ్లలో చాలామంది ముందు అడిగేది గమకం పలుకుతుందా అనే. అసలైన పాత గిటార్లలో ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద ఫ్రెట్లు, అంటే మెట్లు, ఉన్న పలక) వంపు 7.25 అంగుళాల రేడియస్. అంత గుండ్రంగా ఉంటే, తీగను కిందికి దింపి సెట్ చేసుకున్నప్పుడు పై ఫ్రెట్ల దగ్గర పక్కకి లాగితే స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. ఈ గిటారు చూడ్డానికి పాతదే అయినా వంపు 9.5 అంగుళాలు, అంటే కాస్త చదునుగా, ఉంచారు. వీణ వాయించే ఒక అమ్మాయి చేతికిచ్చాను. మీద స్థాయిలో తీగ లాగినా నాదం తెగలేదు. ఫ్రెట్లు సన్నగా, ఎత్తుగా ఉన్నాయి కాబట్టి గట్టిగా నొక్కే అలవాటున్నవాళ్లకి మాత్రం శ్రుతి పైకి పోతుంది. నెమ్మదిగా నొక్కడం అలవాటు చేసుకోవాలి.

శ్రుతి దగ్గరే ఇంకో సంగతి ఉంది. బాడీ మీద తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జి మీద ఆరు తీగలకి మూడే శాడిళ్లు (తీగ ఆనే దిమ్మలు), రెండేసి తీగలకి ఒకటి. పాత పద్ధతి అది. డి, జి తీగలు ఒకే శాడిల్ మీద ఉంటాయి. డి తీగకి చుట్టు ఉంటుంది, జి ఒంటి తీగ. రెండింటికీ కావలసిన పొడవు ఒకటి కాదు. డి సరిచేస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర జి కొద్దిగా హెచ్చు శ్రుతిలో పలుకుతుంది. కార్డ్స్ వాయించేవాళ్లకి ఇది పెద్దగా తెలియదు. తంబుర శ్రుతితో కూర్చుని రాగం వాయించేవాళ్లకి చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది. ఏటవాలుగా కోసిన ఇత్తడి శాడిళ్లు వేస్తే చాలావరకు సరిపోతుంది. అవి తెప్పిస్తున్నాను, కావాలన్నవాళ్లకి బిగించినందుకు కూలి తీసుకోను.

ఇక హమ్మింగ్. అందరూ ఆగి చదవాల్సింది ఇక్కడే. దీనివి సింగిల్ కాయిల్ పికప్‌లు. తీగ కదలికతో పాటు చుట్టుపక్కల కరెంటు నుంచి వచ్చే 50 సైకిల్స్ మోతని కూడా పట్టేస్తాయి. హంబకర్ పికప్‌లో రెండు కాయిల్స్ ఎదురెదురుగా పనిచేసి ఆ మోతని చంపేస్తాయి, ఇందులో ఆ సదుపాయం లేదు. ఇంట్లో చిన్న ఆంప్ మీద పరవాలేదు. సిరిమాను పండగ స్టేజీల మీద, పెళ్లి పందిళ్లలో జనరేటరు, సీరియల్ లైట్ల మధ్య గెయిన్ (ఆంప్‌లో సిగ్నలు బలం) పెంచి వాయించే ఆర్కెస్ట్రా వాళ్లకి మాత్రం పాటకీ పాటకీ మధ్య 'జుయ్' మంటూనే ఉంటుంది. తీగల మీద చెయ్యి వేస్తే మోత తగ్గడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. కానీ గిటారు పట్టుకుని మైకుకి పెదవి తగిలినప్పుడు షాక్ కొడితే అక్కడ ఎర్తింగ్ లేనట్టు. అది ప్రాణం మీదికి వచ్చే విషయం. ఆ స్టేజీ మీద వాయించకండి, ఏ గిటారైనా సరే.

సౌండు గురించి ఒక్క మాట. బ్రిడ్జి పికప్ గిల్లినట్టు స్పష్టంగా పలుకుతుంది. నెక్ పికప్ మెత్తన, చర్చి పాటలకి చాలా బాగుంటుంది. సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి కాబట్టి వాయించాక పొడిగుడ్డతో తుడవండి. వానాకాలం తర్వాత ఒకసారి తెస్తే నెక్ చూసి ఇస్తాను.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది అమ్మను. ఆ డబ్బులో సగానికే మంచి గిటారు, చిన్న ఆంప్, కొన్నాళ్ల పాఠాలు వస్తాయి. స్టేజీ ప్రోగ్రాములే ఎక్కువ ఉన్నవాళ్లు హంబకర్ ఉన్నది తీసుకోండి. అడ్వాన్సు కట్టినవాళ్లు మీ ఆంప్‌తో ఒకసారి షాపుకి రండి. మీరు వాయించే గెయిన్‌లోనే వినండి. నచ్చితే సెటప్ చేసి ఇస్తాను. వద్దనుకుంటే అడ్వాన్సు మొత్తం వెనక్కి, లేదా వేరే గిటారుకి జమ. ఆదివారం మధ్యాహ్నం షాపులో రద్దీ తక్కువ, అప్పుడు వస్తే ఎంతసేపైనా వాయించుకోవచ్చు.