గోగునార జిల్లాలకు బయటి సంచులెందుకు?

గౌరవనీయులైన రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఉత్తరాంధ్ర అభివృద్ధి అనగానే భోగాపురం విమానాశ్రయం, మూలపేట రేవు గుర్తుకొస్తాయి. రానివ్వండి, సంతోషమే. నేను రాస్తున్నది గోనె సంచి గురించి.

1947 విభజనలో జనపనార పండే నేలలు చాలావరకు తూర్పు పాకిస్థాన్‌లో పడ్డాయి. మిల్లులు కలకత్తా చుట్టూ మిగిలాయి. ముడిసరుకు కరవై, జనపనారకు బదులుగా గోనె సంచుల్లో వాడే గోగునారకు గిరాకీ పెరిగింది. శ్రీకాకుళం, విజయనగరం మెట్ట పొలాల్లో అది రైతు చేతికి రొక్కం తెచ్చే పంట. నెల్లిమర్లలో మిల్లు, జిల్లా సరిహద్దు దాటితే చిట్టివలసలో మరొకటి. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరబెట్టి నార తీయడం ఒళ్లు హూనమయ్యే పని. నడుము లోతు మురుగు నీళ్లలో నిలబడాలి, ఆ కంపు రోజుల తరబడి వదలదు. నీళ్లు చాలకపోతే నార నల్లబడి ధర పడిపోతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక తొలి మూడు దశాబ్దాలు దేశం ఏటా సుమారు మూడున్నర శాతమే పెరిగిందని ఆర్థికవేత్తలు నిట్టూరుస్తారు. 1991 తర్వాత వేగం బాగా హెచ్చింది. కానీ చిట్టివలస మిల్లు మూతపడింది ఈ వేగం రోజుల్లోనే. మా కుర్రాళ్లు హైదరాబాద్, చెన్నై భవన నిర్మాణాలకు వలసపోతున్నదీ ఇప్పుడే. పాత రోజులు మేలని అనడం లేదు, అప్పటి పేదరికం మా పెద్దలకు బాగా తెలుసు. పెరిగిన సంపదలో మా వాటా ఏదన్నదే ప్రశ్న.

ప్లాస్టిక్ సంచి చవక, నిజమే. అందుకే కదా ఆహారధాన్యాలను జనపనార సంచుల్లోనే నింపాలని 1987లో పార్లమెంటు చట్టం చేసింది! యాభై కిలోల లెక్కన లక్ష టన్నుల బియ్యానికి 20 లక్షల సంచులు కావాలి. అమ్మకం చట్టమే చూపిస్తున్న సరుకు ఇది. అయినా ధాన్యం కొనుగోళ్ల వేళ సంచుల కోసం బెంగాల్ వైపు చూస్తాం.

సంచుల కేటాయింపు కేంద్రం చేతిలో ఉందని మీ అధికారులు అంటారు. అయితే ఢిల్లీలో అడగండి: ఇక్కడి మిల్లుల సంచులు ముందుగా ఇక్కడి ధాన్యానికే ఇవ్వాలని. మీ చేతిలో ఉన్నవీ ఉన్నాయి. మిల్లులకు కరెంటు ఛార్జీలో వెసులుబాటు, ఉపాధి హామీ పనుల్లో గోగు ఊరబెట్టే కుంటలు, విత్తనం వేసే ముందే నార కొనుగోలు ధర ప్రకటన. వచ్చే ఖరీఫ్‌కు ముందు వీటిలో ఏది చేస్తారో, ఏది చేయరో రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
నెల్లిమర్ల ప్రాంతపు గోగు రైతు