మా ఇంటికి ఆ మంచమే అటక: ఒక ఫిర్యాదు లేఖ

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ప్లైవుడ్ అని బిల్లు వేసి పార్టికల్ బోర్డు మంచం పంపడం, బాగు చేయమంటే వారంటీ వర్తించదనడం.

మాది మల్కాజ్‌గిరిలో ఒక బెడ్‌రూం ఇల్లు. కార్పెట్ ఏరియా 380 చదరపు అడుగులు. నేను, మావారు, పదో తరగతి చదివే మా బాబు, మా అత్తయ్యగారు ఉంటాం. ఇల్లు ఇరుకని మేమెప్పుడూ బాధపడలేదు. రెండు పనులకు పనికొస్తేనే ఏ వస్తువైనా కొంటాం. గోడకు మడిచే బల్ల ఒకటి ఉంది, బాబు చదువూ మా భోజనాలూ దాని మీదే. ఊళ్ళో ఇంటికి అటక ఉండేది, ఇక్కడ లేదు. ఆ లోటు తీరుతుందనే గత అక్టోబరులో మీ షోరూంలో 34,500 రూపాయలు పెట్టి హైడ్రాలిక్ స్టోరేజ్ మంచం కొన్నాం, అంటే పరుపుండే మూతను పైకెత్తితే కింద సామాను పెట్టె ఉండేది. బొంతలు, చుట్టాలొస్తే వేసే పరుపులు, బొమ్మల కొలువు బొమ్మలు, పండగలకు తీసే పెద్ద గిన్నెలు అన్నీ దాని పెట్టెలోనే సర్దుకున్నాం. మూడు నెలలు హాయిగా గడిచింది.

జనవరి చివర్లో ఒక రాత్రి మూత ఎత్తగానే, మూతను ఎత్తి నిలబెట్టే గ్యాస్ స్ప్రింగును పట్టి ఉంచే ఇనుప పట్టీ స్క్రూలతో సహా ఊడొచ్చేసింది. పరుపుతో పాటు మూత కిందికి పడిపోయింది. అదే సమయానికి అత్తయ్యగారు దుప్పటి కోసం లోపలికి వంగుతున్నారు. మావారు మూతను భుజంతో ఆపారు కాబట్టి సరిపోయింది. ఆవిడకు 71 ఏళ్ళు. ఆ రాత్రి తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి.

స్క్రూలు ఊడిన చోట చూస్తే చెక్క పొట్టు రాలుతోంది. అది ప్లైవుడ్ కాదు, పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు. నేల తుడిచిన తడికే కింది అంచు బన్నులా ఉబ్బింది. మీ బిల్లులో మాత్రం 'బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్' అని స్పష్టంగా ఉంది. ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 303 ప్రకారం మరిగే నీటిని తట్టుకునే రకం అది. ఏ పలక మీదా ఆ ప్రమాణం ముద్ర లేదు.

మీరు పంపిన సర్వీసు అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. అదే కన్నాల్లో ఇంకాస్త పొడవు స్క్రూలు బిగించి వెళ్ళాడు. నాలుగో రోజుకే అవీ ఊడాయి. ఒకసారి పొట్టు రాలిన కన్నంలో స్క్రూ మళ్ళీ పట్టదని మా వీధి వడ్రంగి ఒక్క చూపులోనే చెప్పాడు. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, తడి తగిలింది కాబట్టి వారంటీ లేదన్నారు. రోజూ తుడుచుకునే ఇంట్లో వేసుకోవడానికి పనికిరాని మంచమని అమ్మేటప్పుడే చెప్పాల్సింది.

'చిన్న రిపేరు' అని మీవాళ్ళు ఫోన్‌లో రెండుసార్లు అన్నారు. పెద్ద ఇళ్ళలో అయితే అంతే కావచ్చు. మాకు మాత్రం పెట్టెలోని సామానంతా హాల్లోకి వచ్చింది. బల్ల విప్పడానికి చోటు లేక బాబు వంటగది గట్టు దగ్గర నిలబడి చదువుతున్నాడు. మార్చిలో వాడికి పబ్లిక్ పరీక్షలు. అత్తయ్యగారు నడిచే దారిలో గిన్నెల మూటలున్నాయి, ఎక్కడ తట్టుకుని పడతారోనని నాకు రోజంతా టెన్షన్.

బిల్లులో రాసిన ప్లైవుడ్‌తో చేసిన మంచాన్ని 15 రోజుల్లోపు ఇవ్వండి. లేదా ఈ మంచం తీసుకెళ్ళి మొత్తం డబ్బు వాపసు చేయండి. మళ్ళీ స్క్రూలు బిగిస్తామంటే ఒప్పుకోను. గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసులకు ఫీజు కూడా లేదు. బిల్లు, ఊడిన పట్టీ, ఉబ్బిన అంచు ఫొటోలు జత చేశాను.

మనిషిని పంపేటట్టయితే ముందు రోజే ఫోన్ చేయండి. మంచం బయటికి తీయాలంటే హాల్లో సామాను పక్కింటి వాళ్ళ వరండాలోకి మార్చాలి, అందుకు వాళ్ళను అడగాలి.

ఇట్లు,
మీ కస్టమర్,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్